పొయ్యి మీద ఏముందో చూసుకోండి

ముందు వరసలో కూర్చున్నవాడి మెడకు తెల్ల తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలుకు పైన చెవి, అది చెవిలా లేదు, ఎండిన మామిడి ఒరుగులా ముడుచుకుని తలకు అతుక్కుపోయింది, దాన్ని అట్లా చేసింది తన చేతులేనని మల్లీశ్వరికి తెలుసు, తెలిసే చూస్తోంది, చూపు తిప్పుకుందామనుకున్నా తిరగడం లేదు. భవానీపురంలో ఈ ఫంక్షన్ హాలు మేడ మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని గాలి కిందికి రావడం లేదు. ఎవరిదో ఓణీల ఫంక్షన్‌కి కట్టిన కాగితం పూలు ఇంకా విప్పలేదు, వాటి కిందనే స్టేజీ మీద గుడ్డ బ్యానరు, 'అప్పు పడ్డవాళ్ళూ మనుషులే' అని, దాని కింద చిన్న అక్షరాల్లో 'నిబ్బరం సలహా కేంద్రం' అని. పొద్దుటి నుంచీ ఒక్కొక్కరే మైకు ముందుకు వెళ్ళి వసూలు మనుషులు తమనేం చేశారో చెబుతున్నారు, రిటైరైన జడ్జిగారు ఒకాయన, బ్యాంకు పెద్దలు ఇద్దరు బల్ల వెనక కూర్చుని వింటున్నారు, పేపరువాళ్ళు రాసుకుంటున్నారు. ఇవన్నీ కలిపి ప్రభుత్వానికి పంపుతారట, వసూలుకి వచ్చేవాడు ఇట్లా రావాలి, ఇట్లా రాకూడదు అని ఒక కట్టడి పెట్టమని అడుగుతారట. ఇప్పుడు భోజనాల వేళ. భోజనాలు కాగానే మొదటి పేరు తనది.

పులిహోర పొట్లం ఒళ్ళో అట్లాగే ఉంది. పక్క కుర్చీలో అత్తగారు చౌడేశ్వరమ్మ తన పొట్లం ఎప్పుడో విప్పింది, పళ్ళు లేని నోటితో పల్లీలు ఏరి పక్కన పెడుతూ నింపాదిగా తింటోంది, వాడు తన ముందే కూర్చున్నాడన్న ఊసే లేనట్టు. వెనక వరసలో ఎవరో అప్పడం విరిచారు, పెళ్ళుమని, ఆ చప్పుడు మల్లీశ్వరి మోచేతుల్లోకి దూరింది, మొగుడు ఉమామహేశ్ మణికట్టు విరిగినప్పుడూ అంతే, అంత చిన్న చప్పుడే, మనిషి ఎముక విరగడం ఇంత తేలికా అనిపించే చప్పుడు. "తినవే," అంది అత్తగారు, ఆమె వైపు చూడకుండానే. "ఖాళీ కడుపుతో నిలబడితే మాట రాదు." ఆకలి లేదత్తా అని చెప్పాలనుకుంది, చెప్పలేదు, ఎందుకంటే నోరు తెరిస్తే వచ్చేది ఆ మాట కాదు, వేరేది, పొద్దుటి నుంచి పళ్ళ వెనక పట్టి ఉంచింది, లేచి వెళ్ళి ఆ తువ్వాలు కొస పట్టుకుని రెండు చుట్లు తిప్పి లాగితే ఎట్లా ఉంటుందో అన్నది. కుర్చీ వెనక్కి పడుతుంది, కాళ్ళు పైకి లేస్తాయి, ఆ కొత్త బూట్లు, ఆనాడు వేసుకొచ్చినవేనా ఇవి, గంజి పడితే తోలు ఉబ్బి పాడై ఉండాలే, కొత్తవి కొనుక్కున్నాడా, లేక ఇవాళ్టి కోసం కొనిచ్చారా.

గంజి సంగతి ఇక్కడ ఎత్తొద్దన్నాడు ప్లీడరు. అది కోర్టులో ఉంది, నువ్వే నోటితో ఒప్పుకుంటే నేను చేయగలిగింది ఏమీ ఉండదు, వాళ్ళొచ్చారు, మగ్గం మీది పడుగు పోగులు కోశారు, మీ ఆయన చెయ్యి విరగ్గొట్టారు, అంతవరకు చెప్పి దిగిపో, అన్నాడు. పొద్దున మెట్ల దగ్గర సత్యం ఎదురైనప్పుడు కూడా దాని గురించే. సత్యం వసూలు కంపెనీ మేనేజరు, నుదుట బొట్టు, చొక్కా జేబులో రెండు పెన్నులు, ఎవరైనా చూస్తే హైస్కూలు మేష్టారనుకుంటారు. "మల్లీశ్వరిగారూ, ఇట్నించి ఇటే ఇంటికెళ్ళిపోండి, మా కుర్రాణ్ణి నేను రాజీకి ఒప్పిస్తా," అన్నాడు. "మైకు పట్టుకున్నారంటే మాత్రం హత్యాయత్నం హత్యాయత్నంగానే ఉంటదండీ. మీ అమ్మాయి పెళ్ళీడుకొస్తంది కూడాను." ఎంత మర్యాదో. మొదట్లో ఫోన్లు కూడా ఇంత మర్యాదగానే వచ్చేవి, నమస్తే అండీ, బాగున్నారా అండీ, ఈ నెల వాయిదా కొంచెం చూసుకోండి అండీ అని, ఆ అండీలు ఒక్కొక్కటే రాలిపోతుంటే మల్లీశ్వరి వినేది, ముందు అండీ పోయింది, తర్వాత మీరు పోయి నువ్వు వచ్చింది, తర్వాత నువ్వు కూడా పోయి ఒట్టి తిట్టు మిగిలింది.

అప్పు చేసిన ఏడు వాన పట్టు వదల్లేదు. పెడనలో వాళ్ళ వీధి పల్లం, తుపాను నీళ్ళు గడప దాటి నేరుగా మగ్గం గుంటలోకి దిగాయి, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంట చిన్న బావిలా నిండిపోయింది, కప్పలు చేరాయి, చెక్కలు ఉబ్బాయి, కండెల మీద నూలు నల్లబడి కుళ్ళు వాసన కొట్టింది. నేల ఎత్తు చేసి, కొత్త మగ్గం దించితే తప్ప బతకలేమని ఉమామహేశ్ ఫైనాన్సు కంపెనీలో అప్పు తీసుకున్నాడు, కొన్నాళ్ళు తప్పకుండా కట్టాడు కూడా, మరుసటేడు మళ్ళీ నీళ్ళొచ్చాయి. నీళ్ళకి ఎవరి మీద కోపం. వాటి తర్వాత ఫోన్లొచ్చాయి. ఇంటికి కాదు, మల్లీశ్వరి అన్నకి, సందు చివర కిరాణా కొట్టుకి, కూతురు భానుశ్రీ చదివే కాలేజీలో మేడమ్‌కి, నీ స్టూడెంటు తండ్రి దొంగ, తెలుసా అని. ఉమామహేశ్ ఫొటోకి దండ వేసి, శ్రద్ధాంజలి అని రాసి, వీధి వాళ్ళందరి ఫోన్లకీ పంపితే పక్కింటామె నిజమనుకుని ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది, ఆమెకు తలుపు తీసింది ఉమామహేశే.

ఉమామహేశ్ గొంతు పెంచి ఎరగడు. పెళ్ళైన కొత్తలో ఈ మనిషికి నోరుందా అని మల్లీశ్వరి అక్కలు నవ్వేవాళ్ళు. అట్లాంటివాడు ఒక మధ్యాహ్నం ఫోను మోగితే, ఎత్తొద్దన్నాక కూడా ఆమె ఎత్తితే, చేతిలో ఉన్న, మగ్గంలో అడ్డపోగు నడిపే నాడె విసిరాడు. నాడె మొనకి ఇనప ములికి ఉంటుంది. కనుబొమ కోసుకుపోయి రక్తం కంట్లోకి దిగింది, ఫోన్లో అవతలివాడు ఇంకా తిడుతూనే ఉన్నాడు, ఆమె ఫోను చెవికి పెట్టుకునే నిలబడింది, రక్తం ఫోను మీద నుంచి కారి మోచేతి దాకా వచ్చింది, నీ మొగుడు చేతకానోడైతే నువ్వు రా, కట్టించుకునే దారి మాకు తెలుసు అంటున్నాడు అవతలివాడు. కొట్టినవాడు నేల మీద కూలబడి ఏడ్చాడు. ఏడుస్తున్నవాడి మీద ఆమెకు కోపం రాలేదు. ఆ నాడె విసిరింది ఆయన కాదనిపించింది, ఫోనులోంచి ఒక చెయ్యి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని విసిరించింది, ఆ చెయ్యి ఎవరిదో, ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూడాలనుకుంది. పచ్చి మిరపకాయలు రోట్లో నూరుతూ అనుకుంది, చేప తల మీద కత్తిపీట దించుతూ అనుకుంది, చూడాలి, ఆ చేతికి వేళ్ళెన్నో చూడాలి.

చూసింది. ధనుంజయ్ అని అప్పటికి పేరు తెలియదు, ఇప్పుడు ముందు వరసలో కూర్చున్న వీడే. చక్కగా దువ్విన తల, వయసెంతని, భానుశ్రీకి అన్నలా ఉన్నాడు. రెండు బళ్ళ మీద ముగ్గురొచ్చారు, ఇద్దరు వాకిట్లో నిలబడ్డారు, వీడు బూట్లతో లోపలికొచ్చి మగ్గం మీద కూర్చుని బూటు కాళ్ళు గుంటలో పెట్టాడు. చౌడేశ్వరమ్మ మొగుడు, ఆయన తండ్రి, కాళ్ళు కడుక్కోకుండా ఎన్నడూ దిగని గుంట. మగ్గం మీద షావుకారు ఇచ్చిన పడుగు ఉంది, పోగు కూడా తమది కాదు, నేసి ఇస్తేనే కూలి. వీడు జేబులోంచి బ్లేడు తీసి, ఏదో ఉత్తరం చించుతున్నంత తీరిగ్గా పడుగు కోయడం మొదలుపెట్టాడు. లాగి కట్టిన పోగు తెగితే చప్పుడవుతుంది, ఒక్కో పోగుది వినబడదు, వందలు కలిసి తెగితే వినబడుతుంది, ఎండు రెల్లులో ఎవరో నడుస్తున్నట్టు. ఉమామహేశ్ అరవలేదు. పోయి, మిగిలిన పోగుల మీద చెయ్యి అడ్డం పెట్టాడు, కోస్తే నా చెయ్యి కొయ్యి అన్నట్టు కూడా కాదు, పసిబిడ్డ మీద ఈగ వాలకుండా పెట్టినట్టు పెట్టాడు. వీడు ఆ చెయ్యి పట్టుకుని బట్ట చుట్టుకునే దుంగ మీద ఆనించి, గూటాలు దిగ్గొట్టే చెక్క సుత్తి అందుకుని కొట్టాడు. "నేసి కట్టనోడికి చేతులెందుకురా," అన్నాడు. రెండోసారి కొట్టాడు.

పెరట్లో పొయ్యి మీద గంజి ఉంది. రెండో పడుగుకి పట్టించడానికి కాస్తోంది, బుడగలు లేచి ఠప్‌మని పగులుతున్నాయి, కలిపే కర్ర చేతిలో ఉంది. కిటికీలోంచి ఆమెకు అంతా కనబడింది. కర్ర పక్కన పెట్టింది, అది బాగా గుర్తు, నేల మీద పడెయ్యలేదు, మన్నంటుతుందని గోడకి ఆనించింది, మసిగుడ్డ రెండు మడతలు పెట్టి డేగిసా చెవులు పట్టుకుంది. అంత బరువు ఎప్పుడూ అత్తాకోడళ్ళిద్దరూ కలిసి దించేవాళ్ళు. ఒక్కతే ఎత్తింది. గడప తగలకుండా కాలు ఎత్తి వేసింది. వాడు తలెత్తి చూశాడు, నోరు తెరిచాడు, ఏదో అనబోయాడు, ఆ అనబోయిన మాట ఏమిటో ఎవరికీ తెలియకుండా పోయింది. నీళ్ళయితే జారిపోతాయి. గంజి జారదు, పడ్డచోట పట్టుకుంటుంది, చేత్తో తుడుచుకోబోతే తోలు చేతికొస్తుంది. వాడు అరిచిన అరుపుకి వాకిట్లో ఇద్దరూ లోపలికి తొంగి చూసి బళ్ళ వైపు పరిగెత్తారు. వాడు గుంటలోకి కూలాడు, తెగిన పోగులు ఒంటికి చుట్టుకుని కొట్టుకున్నాడు. డేగిసాలో ఇంకా అడుగున ఉంది. ఆమె గుంట చుట్టూ తిరిగి అవతలి వైపుకి నడిచింది, మిగిలింది మొహం మీద పొయ్యడానికి అనువైన చోటికి, తొందర లేకుండా నడిచింది, ఒళ్ళంతా చల్లగా, హాయిగా ఉంది, ఆ హాయి ఆమె ఎవరికీ చెప్పలేదు, ప్లీడరుకి చెప్పలేదు, ఈ సలహా కేంద్రం నడిపే సువార్తమ్మగారికి చెప్పలేదు, సంవత్సరాలుగా సలిపిన పన్ను ఊడొచ్చినంత హాయి. అప్పుడు జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది చౌడేశ్వరమ్మ. డేగిసా తన్నేసింది. బిందెలకి బిందెలు నీళ్ళు తెచ్చి గుంటలో వాడి మీద గుమ్మరించింది ముసలామె, గుమ్మరిస్తూ కోడల్ని తిట్టింది. "వీడు చస్తే నా మగ్గం గుంటలో చస్తాడే ముండా. శవం లేచిన గుంటలో ఇంకెవడు కాళ్ళు పెట్టి నేస్తాడే."

ఆ ముసలామే ఇప్పుడు పులిహోర ఆకు మడిచి, కాగితంలో చుట్టి, కుర్చీ కింద పెట్టింది. వాడు బతికింది ఆమె వల్ల. వాడికి తెలుసా. తెలిస్తే వెనక్కి తిరిగి ఒక్కసారైనా చూడాలి కదా, కాని వాడికి మెడ తిరగదు, తోలు బిగుసుకుపోయింది, చూడాలంటే మనిషంతా తిరగాలి. వాణ్ణి అక్కడ ఎందుకు కూర్చోబెట్టారో మల్లీశ్వరికి పొద్దున్నే అర్థమైంది. ఎవరెవరో వచ్చి కొట్టారు, తిట్టారు, ఆడాళ్ళ చీరలు లాగారు అని చెబుతున్నప్పుడల్లా, మధ్యమధ్యలో జడ్జిగారి కళ్ళు ఆ మెడ మీదికి వెళ్ళి ఆగుతున్నాయి. చూడండయ్యా, అప్పు తీసుకున్నవాళ్ళు ఇట్లాంటివాళ్ళు అని చెప్పడానికి నోరు అక్కర్లేని సాక్షి. తనూ అంతే కదా. తన కనుబొమ మీది గీత చూపించడానికి తనని ఇక్కడ కూర్చోబెట్టారు. కాదు, సువార్తమ్మగారు అట్లాంటిది కాదు.

సువార్తమ్మ మొదటిసారి కనబడింది బందరు సబ్‌జైల్లో. తెల్ల చీర, మెడలో నల్ల దారానికి సిలువ. ఎందుకు పోశావని అందరూ అడిగిన మాట ఆవిడ అడగలేదు. రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చేసేవాళ్ళమ్మా, అని అడిగింది, అన్నం తింటున్నావా అని అడిగింది. హాయిగా తింటున్నానండీ, నిద్ర కూడా పడుతోందండీ, ఇక్కడికి ఫోన్లు రావు గదండీ, అంటే ఆవిడ చాలాసేపు ఊచలు పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ బ్యాంకులో ఉద్యోగం చేసేది. తమ్ముడు యేసుబాబు ఆటోనగర్‌లో మెకానిక్కు, షెడ్డు కోసం చేసిన అప్పుకి వసూలు మనుషులు అతన్ని బట్టలూడదీసి, డ్రాయరు మీద షెడ్డు ముందు నిలబెట్టి, దారిన పోయే లారీవాళ్ళని పిలిచి చూపించారు. మర్నాడు పురుగుల మందు తాగాడు. ఆవిడ ఉద్యోగం మానేసి, తమ భవానీపురం ఇంట్లోనే ముందుగదిలో బల్ల వేసుకుని కూర్చుంది, అప్పులవాళ్ళు ఎవరొచ్చినా కాగితాలు చదివి పెట్టి, ఏది కట్టాలో, ఏది కట్టక్కర్లేదో, ఏ ఫోను వస్తే ఏం చెప్పాలో చెప్పడానికి. బెయిలు మీద బయటికొచ్చిన రోజు బస్టాండులో పక్కన కూర్చుని ఆవిడ ఒక మాట అంది, రోడ్డు వైపు చూస్తూ. "ఇన్నాళ్ళూ కొట్టించుకున్నోళ్ళనే చూశాను మల్లీశ్వరీ. మా వాడు నీలాగ ఎవడి మీదన్నా తిరగబడుంటే బతికేవాడేమోనని అనిపిస్తది. అది నేను అనుకోకూడని మాట." ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఇవాళ పొద్దున కూడా ఇంతే అంది, ఏం చెప్పాలో నేను చెప్పను, నువ్వు మాట్లాడకుండా వెళ్ళిపోయినా నీ కేసు మేమే చూస్తాం, అని.

 లేచి, గోడ పక్కన పెట్టిన నీళ్ళ క్యాను దగ్గరికి వెళ్ళింది. స్టీలు గ్లాసు గొలుసుతో కట్టి ఉంది, నీళ్ళు పట్టుకుంటుంటే వెనక బూట్ల చప్పుడు ఆగింది, ఎవరో చూడకుండానే తెలిసింది, వీపు మీద తోలంతా తెలుసుకుంది. గ్లాసులో నీళ్ళు చల్లవి. వేడివైతే, అనుకుంది చెయ్యి, తను కాదు, చెయ్యి. తాగి గ్లాసు దించి పక్కకి జరిగింది. ధనుంజయ్ గ్లాసు నింపుకుని, తల వెనక్కి వాల్చలేక నడుము దగ్గర్నుంచి ఒళ్ళంతా వెనక్కి వంచి తాగాడు. పెదవి మూల అతుకుపడి సరిగ్గా మూసుకోవడం లేదు, నీళ్ళు గడ్డం మీదుగా కారి తువ్వాలు తడిసింది.

"ఇక్కడ కూర్చుంటే రోజుకూలి ఇస్తానన్నారండీ," అన్నాడు, ఆమె అడగకపోయినా, గోడ వైపు చూస్తూ. "ఏం మాట్లాడొద్దంట. కనబడితే చాలంట."

 ఆమె కుర్చీల వైపు ఒక అడుగు వేసి ఆగింది.

"ఫీల్డుకి పంపట్లేదండీ నన్ను. ఈ మొహం చూస్తే తలుపులు తియ్యరంట. కొత్త కుర్రాళ్ళొచ్చినప్పుడల్లా ముందు నిలబెట్టి చూపిస్తన్నారు. ఇంట్లోకి అడుగు పెట్టగానే ముందు పొయ్యి మీద ఏముందో చూసుకోండి, ఆడోళ్ళుంటే జుట్టు పట్టుకుని బయటికి లాగండి, ఆ తర్వాతే పని మొదలెట్టండి, లేపోతే వీడిలాగే అయితారు అని చెప్తన్నాడు సత్యంగారు. ట్రైనింగంట."

ఆమె గొంతు తనకే కొత్తగా వినబడింది. "మా ఆయన చెయ్యి గురించి చెప్తాడా?"

ధనుంజయ్ కొంచెంసేపు ఆలోచించాడు, నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు. "లేదండీ," అన్నాడు. "అది మామూలే కదండీ."

కుర్చీ దగ్గరికి ఎట్లా వచ్చిందో తెలియదు. మామూలే కదండీ. వాడు వెటకారానికి అనలేదు, అండీ కూడా పెట్టాడు. ఇన్నాళ్ళూ, కేసు పడ్డా, జైలుకెళ్ళినా, వీధిలో ఆడవాళ్ళు పక్కకి తప్పుకున్నా, లోపల ఎక్కడో ఒక మూల ఆమెకి ఒకే ఒక్క ఊరట ఉండేది, కనీసం వాళ్ళకి భయం పట్టింది, ఇంకో ఇంటి గడప దాటేముందు ఒక్క క్షణం ఆగుతారు అని. ఆగుతున్నారు. పొయ్యి వైపు చూడ్డానికి ఆగుతున్నారు. తను పోసిన గంజి వాళ్ళకి పాఠమైంది, ఆపే పాఠం కాదు, ఇంకా బాగా కొట్టే పాఠం, ఇప్పుడు కూచిపూడి వైపో, గుడివాడ వైపో, ఏ ఊళ్ళోనో ఒకామె పొయ్యి ముందు కూర్చుని చారు కాస్తూ ఉంటుంది, ఏమీ తెలియదామెకి, వెనక నుంచి చెయ్యి వచ్చి జుట్టు పట్టుకుంటుంది, గడప మీదుగా ఈడుస్తుంది, మోకాళ్ళు దోక్కుపోతాయి, ఆ ఈడ్చే చెయ్యిని అక్కడికి పంపింది తనే. వాడి మెడ చుట్టూ తువ్వాలు బిగించాలన్న కోరిక ఉన్నట్టుండి చిన్నదైపోయింది, పిల్లల కోరికలా, బొమ్మ విరగ్గొట్టాలన్నంత. వీణ్ణి చంపితే సత్యం ఇంకొకణ్ణి నిలబెడతాడు. వీడి శవాన్ని కూడా నిలబెడతాడు.

మైకు గరగరలాడింది. "పెడన నుంచి మల్లీశ్వరి గారు," అంది సువార్తమ్మ.

అత్తగారు కొంగు పట్టుకుని ఆపింది, ఎందుకా అని చూస్తే, కోడలి గడ్డం మీద మిగిలిన నీటి చుక్క బొటనవేలితో తుడిచి వదిలింది. స్టేజీ మెట్లు ఎక్కింది. మైకు ముందు నిలబడి జడ్జిగారికి దణ్ణం పెట్టి, వాన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. దండ వేసిన ఫొటో చెప్పింది, కాలేజీ మేడమ్‌కి చేసిన ఫోను చెప్పింది, నాడె దెబ్బ కూడా చెప్పింది, అది చెబుతానని ఉమామహేశ్‌కి చెప్పి రాలేదు, ఆయన చెయ్యి ఇప్పటికీ గుప్పిట మూయదు, నాడె పట్టదు, అన్నం ముద్ద పట్టదు, అదీ చెప్పింది. పడుగు కోసిన చప్పుడు చెప్పింది. సుత్తి చెప్పింది. అక్కడికి ప్లీడరు చాలు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె ఆగింది, హాలంతా ఇక దిగుతుందనే అనుకుంది, ఆమె మైకు ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"పెరట్లో గంజి మరుగుతుందండీ. తెచ్చి పోశాను. ఇంకా పొయ్యాలని చూశాను, మా అత్త లాగింది. ఆ ముందు కూర్చున్నాయన మీదే." ప్లీడరు సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు, రెండు చేతులూ తలకి పెట్టుకున్నాడు. "పోస్తుంటే నాకు భయం వెయ్యలేదండీ, సంతోషమేసింది. నేను గొప్ప పని చేశానని చెప్పట్లేదు. ఇప్పుడు ఆ కంపెనీలో కొత్తగా చేరేవాళ్ళకి ఏం నేర్పుతున్నారో చెప్తాను, అది రాసుకోండి." పొయ్యి సంగతి చెప్పింది, జుట్టు సంగతి చెప్పింది, విన్నది విన్నట్టు, ఒక్క మాట కలపకుండా.

వెనక నుంచి సత్యం లేచాడు. "పచ్చి అబద్ధం సార్. ఈవిడ మీద హత్యాయత్నం కేసుంది."

జడ్జిగారు అతన్ని కూర్చోమని చెయ్యి చూపించి, మల్లీశ్వరి వైపు వంగారు. "ఈ సంగతి నీకెట్లా తెలిసిందమ్మా? ఎవరు చెప్పారు?"

ఇదీ కష్టమైన చోటు. వేలు చూపిస్తే వాడి రోజుకూలి పోతుంది, ఉద్యోగం పోతుంది, రేపెప్పుడో సందులో పట్టుకుని వాడి వాళ్ళే వాణ్ణి కొడతారు, ఎట్లా కొడతారో ఆమెకు తెలుసు, ఆ మెడ మీద ఇంకో దెబ్బ పడితే తోలు ఎట్లా విచ్చుకుంటుందో కూడా కళ్ళకి కట్టినట్టు కనబడింది. చూపించకపోతే తను అబద్ధాలకోరు, ఏ ఊళ్ళో ఎవరి జుట్టు పట్టి ఈడ్చినా అడిగేవాళ్ళుండరు. వాడు తలొంచుకోలేడు, మెడ వంగదు, అందుకని నేరుగా ఆమె మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు, ఆ చూపులో వద్దని ఉందో, ఏముందో, కనురెప్ప కూడా సరిగ్గా లేని కంట్లో ఏం చదవగలరు ఎవరైనా. జాలి వస్తుందేమోనని ఆమె ఆగి చూసుకుంది. రాలేదు. చెయ్యెత్తి చూపించింది.

"ఆయన చెప్పాడండీ. ఇప్పుడే, నీళ్ళ దగ్గర."

హాల్లో అందరూ అటు తిరిగారు.  ధనుంజయ్ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, మనిషంతా వెనక్కి తిరిగి, చివరి వరసలో ఉన్న సత్యాన్ని చూశాడు. సత్యం తల అడ్డంగా ఊపాడు, ఊరికే, కొంచెంగా. ధనుంజయ్ మళ్ళీ మనిషంతా స్టేజీ వైపు తిరిగాడు.

"అవునండీ," అన్నాడు. "అట్టాగే చెప్తన్నారండీ. రేపు కూడా ఉందండీ, కొత్త బ్యాచి వస్తంది."

పేపరువాళ్ళు ఒక్కసారిగా లేచారు. సత్యం అరుస్తున్నట్టు కాకుండా, ఆ గోలలోనే అందరికీ వినబడేట్టు, పాఠం అడుగుతున్నంత నెమ్మదిగా అడిగాడు. "ఒక్క ప్రశ్న సార్. అమ్మా మల్లీశ్వరిగారూ, రేపు మా మనుషులు మళ్ళీ మీ ఇంటికొచ్చారనుకోండి. మళ్ళీ పోస్తారా?"

ప్లీడరు వద్దు వద్దని తల ఊపుతున్నాడు. సువార్తమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మల్లీశ్వరికి ప్రశ్న ఎందుకడిగాడో తెలుసు, ఏం చెబితే కోర్టులో ఏమవుతుందో తెలుసు, లేదండీ, పొరపాటైందండీ అని రెండు మాటలంటే చాలని కూడా తెలుసు. ఆ రెండు మాటల కోసం లోపల వెదికింది. అక్కడ లేవు.

"పోస్తానండీ," అంది, సత్యానికి కాదు, బల్ల వెనక కూర్చున్న ముగ్గురికీ. "మళ్ళీ పోస్తాను. అందుకే వాళ్ళు అట్టా రాకుండా చెయ్యండి."

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పక్కన రాసుకుంటున్న అమ్మాయి కలం ఎత్తి, ఇది రాయాలా వద్దా అన్నట్టు ఆయన వైపు చూసింది. "అమ్మా, ఇది కాగితం మీదికెక్కితే నీ కేసులో దాకా వెళుతుంది," అన్నారాయన. "కావాలంటే వదిలేయిస్తాను."

"వద్దండీ," అంది మల్లీశ్వరి. "రాయించండి."